శాతం రాసేది డాక్టరే... చెప్పుకోవాల్సింది మనం!

'నీకెంత శాతం వచ్చింది?' 'మరి మీ ఆయనకో?'

పరీక్ష మార్కుల గురించి కాదండీ. వికలాంగుల సర్టిఫికెట్టులో డాక్టరు వేసే శాతం గురించి. పింఛన్ల తనిఖీ మొదలైన దగ్గర్నుంచీ మా పాచిపెంటలో బస్సు కోసం నిలబడ్డా, కొళాయి దగ్గర బిందె పెట్టినా ఇదే మాట. నేను డిగ్రీ చదివానన్న పేరుకి చుట్టుపక్కలవాళ్లు కాగితాలు చదివించుకోడానికి మా గుమ్మం ఎక్కుతుంటారు. అలా నా చేతికొచ్చిన నోటీసులు చదివాకే ఈ నాలుగు మాటలూ రాయాలనిపించింది.

సంగతి ఇదీ. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 3 వేల నుంచి 6 వేలైంది. పూర్తిగా మంచానికో, చక్రాల కుర్చీకో అంకితమైనవారికి 15 వేలు చేశారు. 2025 జనవరి నుంచి డాక్టర్ల బృందాలు మళ్లీ పరీక్షలు మొదలుపెట్టాయి. మంచం మీదున్నవాళ్ల ఇళ్లకు డాక్టర్లే వచ్చారు. మిగిలినవాళ్లను ఆస్పత్రులకు పిలిచారు. ఆ ఏడాది ఆగస్టులో, 40 శాతం కంటే తక్కువని తేలినవాళ్లకు నోటీసులొచ్చాయి.

దొంగ సర్టిఫికెట్లు లేవా అంటే ఉన్నాయి. నిక్షేపంగా నడిచేవాడు కుంటివాడినని రాయించుకుంటే, ఆ డబ్బు నిజంగా కాలు లేనివాడి వాటాలోంచే పోతుంది. కాబట్టి తనిఖీ తప్పని నేననను. కానీ ఆ పది నిమిషాల్లో డాక్టరు ముందు ఏం పెడుతున్నాం, ఏం చెప్పగలుగుతున్నాం అన్నదాని మీద ఒక ఇంటి తిండి ఆధారపడి ఉంది. అందుకే ఆ శాతం ఎలా వస్తుందో ఆడవాళ్లం తెలుసుకోవాలి.

కొలతలు ఎలా ఉంటాయి?

డాక్టరు తన మనసుకు తోచిన అంకె వేయడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 1995 చట్టంలో ఉన్నవి ఏడే. ఒక్కోదాన్ని ఎలా కొలవాలో కేంద్రం 2018లో నియమాలిచ్చింది, 2024లో వాటిని సవరించింది.

కాలూ చెయ్యీ అయితే కీలు ఎంత వంగుతోంది, కండరానికి ఎంత బలముంది అని చూస్తారు. కన్నయితే అద్దాలు పెట్టాక ఎంత కనిపిస్తోందన్నదే లెక్క. ఒక కన్ను పూర్తిగా పోయినా రెండోది బాగుంటే 2018 నియమాల ప్రకారం 30 శాతమే. అంటే పింఛనుకు చాలదు. వినికిడి లోపమని రాయాలంటే రెండు చెవుల్లోనూ కనీసం 60 డెసిబెల్స్ లోపం ఉండాలి. అనుమానం వస్తే తలకు తీగలు అంటించి, చప్పుడుకు మెదడు స్పందిస్తోందో లేదో 'బెరా' పరీక్షలో చూస్తారు. అక్కడ మనం నోరు విప్పే పనే లేదు.

ఇంకో చిక్కుంది. ఒక వైకల్యానికి 30, మరోదానికి 20 వస్తే కలిపి 50 కాదు. దానికో సూత్రం ఉంది. లెక్క కడితే 43 దగ్గర తేలుతుంది. 'రెండూ కలపలేదు, అన్యాయం చేశారు' అని గొడవపడేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

కొలతకు అందని కొండ

పి.కోనవలస ఘాటు పైన ఊరు నుంచి వచ్చిన ఒక గిరిజన పెద్దావిడ నాతో అన్న మాట మర్చిపోలేను. 'డాక్టరు బాబు నా కాలు సూసినాడు గానీ, మా కొండ సూడ్నేదమ్మా!'

నిజమే కదా! ఆ కాలితో సిమెంటు వరండాలో నాలుగడుగులు వేయడం వేరు, బిందె చంకనెట్టుకుని గెడ్డలోంచి గట్టెక్కడం వేరు. శాతం కీలుని కొలుస్తుంది, దారిని కొలవదు. ఇంగ్లీషువాళ్ల దేశంలోనూ ఇదే రగడ. బ్రిటన్‌లో 2008లో పనిచేసే శక్తిని తేల్చే కొత్త పరీక్ష పెట్టి, ఆ పని ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. ఏళ్ల తరబడి చూస్తున్న సొంత డాక్టరు రాసిన ఉత్తరం కంటే కాసేపు చూసినవాళ్ల మాటే చెల్లుతోందని అక్కడి రోగులు మొత్తుకున్నారు. మన దగ్గర సొంత డాక్టరనే వాడే లేడు. మందుల చీటీ ఉంటే అదే ఉత్తరం. అదీ పోపుల డబ్బా కిందో, చూరులోనో చినిగిపోయి ఉంటుంది.

అమ్మ మాటా సాక్ష్యమే

ఇది చాలామందికి తెలియదు. బుద్ధి ఎదగని పిల్లల్ని పరీక్షించేటప్పుడు తెలివి పరీక్ష ఒక్కటే కాదు, తల్లిని కూడా అడుగుతారు. తన చేత్తో తింటాడా? బొత్తాలు పెట్టుకుంటాడా? ఒక్కడే వీధిలోకి వెళ్లొస్తాడా? ఆ జవాబులకు మార్కులుంటాయి.

ఇక్కడే మన తల్లులు బోల్తా పడుతున్నారు. పదిమందిలో బిడ్డని తక్కువ చేసి చెప్పడానికి నోరు రాదు. 'అన్నీ చేసుకుంటాడండీ' అనేస్తారు. అన్నం కలిపి ముద్ద చేతికిచ్చేది తనేనని చెప్పరు. అబద్ధం ఆడమని కాదు తల్లీ... మీరు పక్కనుండి చేయించే పనిని వాడే చేసుకుంటున్నాడని చెప్పకండి, అంతే.

మానసిక రోగుల కొలతలో పని గురించి కూడా అడుగుతారు. ఉద్యోగం లేని ఆడదానికి ఇంటిపనే పని. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోవడం, స్నానం కూడా ఎవరో చెబితేనే చేయడం... ఇవన్నీ చెప్పాల్సిన విషయాలే. 'ఇంట్లోనే ఉంటుందండీ, పనేం లేదు' అని మగవాళ్లు తేల్చేస్తే ఆ సాక్ష్యం పోయినట్టే.

పైకి కనిపించని జబ్బు

మన్యంలో కనిపించే సికిల్ సెల్ జబ్బునీ 2016 చట్టం వైకల్యాల్లో చేర్చింది. నొప్పి వచ్చిన రోజున పిల్ల మెలికలు తిరిగిపోతుంది, తగ్గిన రోజున ఆడుకుంటుంది. ఆ ఆడుకునే రోజునే డాక్టరు చూస్తే? అందుకే ఈ జబ్బుకి మనిషి కంటే కాగితమే ఎక్కువ మాట్లాడుతుంది. హెచ్.పి.ఎల్.సి. రక్తపరీక్ష రిపోర్టు, రక్తం ఎక్కించిన తేదీలు, ఆస్పత్రిలో చేర్చిన చీటీలు - ఒక్కటీ పారేయకండి.

వెళ్లే ముందు...

* పాత చీటీలు, ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలు తేదీల వారీగా ఒక సంచిలో పెట్టుకోండి. ప్రతిదానికీ జిరాక్సు తీయించండి.

* సదరం సర్టిఫికెట్టు మీద 'శాశ్వతం' అని ఉందా, గడువు తేదీ ఉందా చూసుకోండి. గడువుంటే అది దాటకముందే మళ్లీ స్లాటు తీసుకోండి.

* రోజూ ఏ పనికి ఎవరి సాయం కావాలో ముందురోజే ఒక కాగితం మీద రాసుకోండి. డాక్టరు ముందు కంగారులో సగం మర్చిపోతాం.

* కళ్లద్దాలు, చెవి మిషను, చేతికర్ర వాడుతుంటే వెంట తీసుకెళ్లండి. దాచొద్దు.

* రోజూ దగ్గరుండి చూసుకునే మనిషే తోడు వెళ్లాలి. తెలుగు సరిగా రాని పెద్దవాళ్లతో వాళ్ల భాష తెలిసినవాళ్లని పంపండి.

కాదన్నారనుకోండి...

సర్టిఫికెట్టు ఇవ్వడం కుదరదంటే కారణాలు కాగితం మీద చెప్పాలని నియమాల్లోనే ఉంది. నోటిమాటతో వెనక్కి వచ్చేయకండి. డాక్టర్ల నిర్ణయం మీద అప్పీలు చేసుకునే హక్కు 2016 చట్టంలోని 59వ సెక్షన్ ఇచ్చింది. 2025లో నోటీసులు అందుకున్నవాళ్లకు కూడా పల్లెల్లో ఎంపీడీవోకి, పట్టణాల్లో మున్సిపల్ కమిషనరుకి అర్జీ పెట్టుకుంటే మళ్లీ పరీక్ష చేయిస్తామన్నారు. శాతం నిజంగానే తగ్గిందనుకోండి, వయసు మళ్లినవాళ్లూ, భర్త పోయినవాళ్లూ ఆ కోవలో పింఛనుకి అర్హులేమో అడగండి. అది 6 వేలు కాకపోవచ్చు గానీ, చేతికి ఏమీ రాకపోవడం కంటే నయమే కదా!

ఈ పేజీ చదివే మనందరికీ అక్షరం ముక్క వచ్చు. మీ వీధిలో ఏ ముసలావిడో నోటీసు పట్టుకుని వీళ్ల గుమ్మం వాళ్ల గుమ్మం ఎక్కుతుంటే పిలిచి కూర్చోబెట్టండి. కాగితం చదివి పెట్టండి. ఏ తేదీలోపు, ఏ ఆఫీసుకి వెళ్లాలో చెప్పండి. వీలైతే అర్జీ నాలుగు ముక్కలూ మీరే రాసివ్వండి. మనకది వంట పూర్తయ్యాక అరగంట పని. ఆవిడకి మాత్రం నెలంతా పొయ్యి వెలిగే మాట!