కూలీ కంటికి రక్షణ ఏది?

ఖమ్మం వరిమళ్ళలో, భద్రాచలం అడవి అంచున తునికాకు, వెదురు పనుల్లో మన కంటికి ఎప్పుడూ గండమే. వరి ఆకు గీసుకుంటుంది, వడ్లగింజ ఎగిరి తగులుతుంది, వెదురు పేడు గుచ్చుకుంటుంది. నల్లగుడ్డు మీది పొర చిట్లి, అందులో బూజు చేరితే పుండవుతుంది. ముదిరితే చిల్లు పడుతుంది. మానినా పువ్వు మిగులుతుంది.

దీనికి వైద్యం లేకపోలేదు. సయనోఅక్రిలేట్ అనే జిగురుతో ఇలాంటి చిల్లులు మూసినట్టు 1968లోనే అమెరికా వైద్యులు ప్రకటించారు. రెండు మూడు మిల్లీమీటర్ల లోపు చిల్లయితే, తడి లేకుండా తుడిచి చిన్న బొట్టు పెడతారు. గరుకు తగలకుండా మెత్తటి లెన్సు కప్పుతారు. 1987లో వెలసిన హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనూ ఈ పద్ధతి ఉంది. బజారులో అమ్మే జిగురు వేరు, అది కంటికి ముప్పు. డాక్టరు వేసే జిగురు కూడా చిల్లును మూస్తుందే గాని బూజును చంపదు. వారాల తరబడి మందు వాడాల్సిందే.

మరి మనవాళ్ళేం చేస్తున్నారు? పసరు పోయించుకుంటున్నారు, దుకాణంలో ఇచ్చిన చుక్కలు వేసుకుంటున్నారు. అందులో స్టిరాయిడ్ ఉంటే బూజు పుండు ఇంకా రేగుతుంది. ఇది అజ్ఞానమని తిట్టి ఊరుకుందామా? రోజు కూలి పోతే పొయ్యి వెలగనివాడు 300 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు ఎట్లా పోతాడు?

దెబ్బ తగిలిన రోజే డాక్టరుకు చూపాలి. కన్ను నలపొద్దు, గుచ్చుకున్నది పీకొద్దు. పనిలో కళ్ళద్దాలు, భద్రాచలంలోనే కంటి పుండ్లకు ఉచిత వైద్యం, మానేదాకా కూలి: వీటిని సంఘాలు తమ కోర్కెల పత్రంలో చేర్చాలని కోరుతున్నాం. ఇవి దయాధర్మం కాదు, మన హక్కు.