సముద్రము లేని పరాగ్వే — అక్కడి మగ్గములు

తిరునిన్రవూరు నుండి చెన్నపట్నపు రేవు రైలులో ఇంచుమించు గంట ప్రయాణము. మదరాసు రుమాళ్లు ఆ రేవులోనే ఓడలెక్కి పశ్చిమ ఆఫ్రికా సంతలకు చేరినవి. రేవు చేరువలో ఉండుట ఎంత మేలో, అది బొత్తిగా లేని దేశము సంగతి వినినప్పుడు తెలియును. అట్టి దేశము దక్షిణ అమెరికాలోని పరాగ్వే. అక్కడి నేతవారి చరిత్రలో మన కుటుంబములు ఆలోచింపదగిన విషయమున్నది గనుక దానిని పాఠకుల ముందుంచుచున్నాము.

బ్రెజిలు, అర్జెంటీనా, బొలీవియా దేశముల నడుమ పరాగ్వే ఉన్నది. వైశాల్యము 4,06,752 చదరపు కిలోమీటర్లు. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మూడును కలిపిన ఇంచుమించు అంత అగును. జనము మాత్రము 2022 లెక్కల ప్రకారము 61 లక్షలే. పరాగ్వే నది దేశమును రెండుగా చీల్చుచున్నది. పడమట చాకో అను మెట్టభూమి. ముళ్లపొదలు, ఉక్కపోత, అరుదుగా ఊళ్లు. తూర్పున ఎర్రమన్ను, వానలు, పంటలు. జనములో నూటికి తొంబదిమందికి పైగా ఇక్కడనే ఉందురు. రాజధాని అసున్సియోన్ 1537లో వెలసినది. అక్కడినుండి సరకు నదిమీదుగా సుమారు 1,000 మైళ్లు దిగి, అర్జెంటీనాలోని బ్యూనస్ ఐరిస్ చేరినగాని సముద్రము కనబడదు. ఇల్లు తమది, వాకిలి పొరుగువారిది.

1811లో స్పెయిన్ పాలన తొలగినది. నదీముఖమును చేతిలో పెట్టుకొన్న బ్యూనస్ ఐరిస్ వారు రాకపోకలకు అడ్డుతగిలిరి. 1814 నుండి 1840 వరకు ఏలిన డాక్టరు ఫ్రాన్సియా తానును తలుపులు బిగించి, విదేశ వర్తకమును ఒకటి రెండు చోట్లకే పరిమితము చేసెను. సీమ బట్ట కరవైనది. అప్పుడు ఇంటింట స్త్రీలు తమ పత్తినే వడికి, తమ మగ్గములపైననే నేసిరి. ‘ఆఓ పోయీ’ అను బట్ట ఆ కాలమున పేరుకెక్కినదని అక్కడివారు చెప్పుకొందురు. గ్వారనీ భాషలో ‘ఆఓ’ అనగా బట్ట, ‘పోయీ’ అనగా సన్నము. స్పానిషుతోపాటు ఆ భాషయు నేడు అక్కడ రాజభాష.

పిమ్మట మహావిపత్తు వచ్చినది. 1864 నుండి 1870 వరకు బ్రెజిలు, అర్జెంటీనా, ఉరుగ్వే మూడును ఒకవైపు, పరాగ్వే ఒక్కటి ఒకవైపు. సగము మందికి పైగా జనము నశించిరని పలువురు చరిత్రకారుల అంచనా. పురుషులు మరీ తక్కువగా మిగిలిరి. నాగలియు మగ్గమును స్త్రీల పాలబడినవి. తిరిగి 1932-35లో చాకో భూమికై బొలీవియాతో యుద్ధము. ఆ బొలీవియాయు సముద్రము లేని దేశమే.

నేటి రాబడి వేరు. పరానా నదిపై బ్రెజిలుతో కలిసి కట్టిన ఇతైపూ ఆనకట్ట 1984లో విద్యుత్తు నీయ మొదలిడినది. దాని శక్తి 14,000 మెగావాట్లు. అందు సగము పరాగ్వే వంతు. వాడుకొనగా మిగిలినది బ్రెజిలుకు పోవును. సోయా గింజలు, గొడ్డుమాంసము తక్కిన ముఖ్య ఎగుమతులు. 1980 ప్రాంతములలో పత్తియు గొప్ప ఎగుమతియే. ఆ పొలములను సోయా ఆక్రమించినది.

అయినను మగ్గము విడువని ఊళ్లున్నవి. యతైతీలో ఆఓ పోయీ, కరపెగ్వాలో ముతక నూలు దుప్పట్లు, ఊయలలు. ఇతౌగ్వాలో ‘న్యాందుతీ’, అనగా సాలెగూడు. చట్రమున గుడ్డ బిగించి, చక్రపుటాకుల వలె దారములు లాగి, సూదితో అల్లి, గంజిపెట్టి, అడుగుగుడ్డను కత్తిరించి తీయుదురు. మన నరసాపురపు లేసు అల్లు స్త్రీలు చూచిన ముచ్చటపడుదురు. పిరిబెబుయ్‌లో అరువది చారల పోంచో నేయుదురు. అంతరించు ప్రమాదమున్నదని యునెస్కో దానిని 2023లో తక్షణ రక్షణ పట్టికలో చేర్చినది.

మనము గమనింపవలసినది ఇదియే. తలుపు మూసినందున ఆ నేత పెరిగినది నిజము. తలుపు తెరచిన పిదప దానిని నిలిపినది ఊరిపేరు. యతైతీ అనగానే ఏ బట్టయో కొనువారికి తెలియును. కాని ఆ పేరుకును చీడ పట్టినది. ఆఓ పోయీ అని నేడు అమ్ముడగు దానిలో చాలభాగము మిల్లుగుడ్డపై చేతికుట్టు వేసినదే. పేరు బ్రతికి పడుగు, పేక చచ్చిన నేతవాని కూలి ఎట్లు బ్రతుకును?

మనకును చేనేత రకముల రిజర్వేషను చట్టము 1985 నుండి ఉన్నది. అయినను మరమగ్గపు గుడ్డ చేనేతయని చెల్లిపోవుచునే యున్నది. కంచి పట్టునకు ఊరిపేరు అండగా నున్నది. తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతములలో మనవారు నేయు లుంగీ షావుకారు గడప దాటగానే ఏ ఊరిదో తెలియక పోవుచున్నది. సంఘముల పెద్దలు రాబోవు సభలలో ఈ ఒక్క సంగతి తీర్మానమునకు తేవలెనని కోరుచున్నాము: మన మగ్గము దిగిన ప్రతి బట్టపైనను నేసిన ఊరిపేరు ఉండవలెను, చేతిమగ్గపుది కానిదానిపై ఆ పేరు ఉండరాదు. రేవు మనకు గంట దూరముననే యున్నది. పేరులేని సరకుకు రేవు దగ్గరయైనను దూరమైనను ఒక్కటే.