మెడికెయిడ్‌లో ‘వెయివర్’ అంటే ఏమిటి?



మన సంఘములో అనేకుల పిల్లలు అమెరికాలో ఉన్నారు. వారిలో నర్సులుగా చేస్తున్నవారి నోట వినిపించే ‘వెయివర్’ అనే మాట గురించి కొందరు తల్లులు అడిగారు.

అక్కడ తక్కువ ఆదాయము గలవారికి, వికలాంగులకు 1965లో ఏర్పడిన ప్రభుత్వ వైద్య బీమా మెడికెయిడ్. మన ఆరోగ్యశ్రీ వంటిదనుకోండి. అయితే ఖర్చును కేంద్రము, రాష్ట్రము పంచుకుంటాయి. డబ్బిస్తుంది గనుక కేంద్రము నియమాలు పెడుతుంది. వాటిలో కొన్నింటిని సడలించమని రాష్ట్రము కోరితే ఇచ్చే అనుమతే వెయివర్, అనగా మినహాయింపు.

ఇది ఎందుకు కావలసి వచ్చిందో ఒక పాప కథ చెబుతుంది. ఐయోవా రాష్ట్రములో 1978లో పుట్టిన కేటీ బెకెట్‌కు నెలల వయసులోనే మెదడువాపు వచ్చి వెంటిలేటర్ అవసరమైంది. మూడేళ్లకు ఇంటికి పంపవచ్చునన్నారు డాక్టర్లు. ఇంట్లో చూస్తే ఖర్చు ఆసుపత్రిలో అయ్యేదానిలో ఆరో వంతే. కాని ఆసుపత్రిలో ఉంటేనే మెడికెయిడ్ చెల్లిస్తుంది. ఇంటికి వెళితే తల్లిదండ్రుల ఆదాయము లెక్కలోకి వచ్చి సాయము ఆగిపోతుంది! 1981 నవంబరులో అధ్యక్షుడు రీగన్ ఈ సంగతి బహిరంగంగా చెప్పారు. నియమము సడలించారు. ఆ క్రిస్మస్‌కు పాప ఇంట్లో ఉంది. 2012 వరకు జీవించింది.

1981లోనే వచ్చిన చట్టముతో, నర్సింగ్ హోములో ఉంచవలసినంత అవసరమున్న రోగులకు ఇంటివద్దనే సేవలందించే వెయివర్లు రాష్ట్రాలకు దొరికాయి. మంచాన ఉన్నవారికి ఇంటివారి చేతి సేవ ఎంత మేలో వార్డుల్లో పనిచేసిన మాకు తెలుసు.

కొత్త పద్ధతులు పరీక్షించే వెయివర్లు వేరే ఉన్నాయి. అన్నీ మేలు చేశాయనలేము. 2018లో ఆర్కన్సాస్ రాష్ట్రము నెలకు 80 గంటలు పనిచేసినట్టు లెక్క చూపాలన్నది. కొద్ది నెలల్లోనే 18,000 మందికి పైగా బీమా పోగొట్టుకున్నారు. పనిచేస్తూ కూడా లెక్క పంపలేకపోయినవారు అందులో ఉన్నారు. 2019లో కోర్టు ఆపింది.

మీ పిల్లల ఇంట అక్కడ పుట్టిన వికలాంగ బిడ్డ ఉంటే, “మా జీతము ఎక్కువ, మాకివ్వరు” అని ఊరుకోవద్దని చెప్పండి. చాలా వెయివర్లలో బిడ్డ ఆదాయమే చూస్తారు, తల్లిదండ్రులది కాదు. కాని స్థానాలు పరిమితము. కొన్నిచోట్ల ఏళ్ల తరబడి వేచి ఉండాలి. గనుక రాష్ట్ర మెడికెయిడ్ ఆఫీసులో ముందుగానే పేరు వ్రాయించాలి. టెక్సాస్‌లో వ్రాయించిన పేరు ఉద్యోగము మారి ఒహాయో వెళితే పనికిరాదు, అక్కడ మళ్లీ మొదటినుండి వ్రాయించుకోవలసిందే.

విజిటర్ వీసాపై వెళ్లే అమ్మమ్మలు, తాతయ్యలకు మెడికెయిడ్ వర్తించదు. బయలుదేరే ముందు ప్రయాణ బీమా తీసుకోండి. బీపీ, షుగరు మందుల చీటీ వెంట ఉంచుకోండి.