పాలకుల భాషలో కూలివాని బొమ్మ

కేప్ తీరంలో బానిసలు, ఖోయిఖోయి ప్రజల నోళ్ళలో నలిగిన డచ్చి భాషే ఆఫ్రికాన్స్ అయింది. ఆ బానిసల్లో కోరమండల్ తీరం నుంచి తరలించబడ్డవారూ ఉన్నారు. 1925లో దాన్ని అధికార భాషను చేసుకున్నది మాత్రం తెల్ల పాలకులు. 1976లో సోవెటో విద్యార్థులు తిరగబడింది ఆ భాషను బళ్ళలో తమపై రుద్దినందుకే.

పశ్చిమ కేప్ విశ్వవిద్యాలయంలో ఆ సాహిత్యాన్నే బోధించిన ఆచార్యుడు జేక్స్ గెర్వెల్ (1946-2012) వ్యవసాయ కూలీల బిడ్డ. 1948 వరకు వచ్చిన ఆఫ్రికాన్స్ నవలల్లో 'మిశ్రజాతి' మనుషుల్ని ఎట్లా చిత్రించారన్నది ఆయన పరిశోధనాంశం. బ్రసెల్స్‌లో సమర్పించిన ఆ సిద్ధాంత వ్యాసం 1983లో పుస్తకమైంది. వర్ణవివక్షను రాజ్యవిధానంగా ప్రకటించిన పార్టీ గద్దెనెక్కింది 1948లోనే. అంటే, చట్టం మనుషుల్ని పూర్తిగా విడదీయకముందు నవల ఏం చేసిందన్నదే అసలు ప్రశ్న. 1987లో వైస్ ఛాన్సలరైన గెర్వెల్ ఆ విశ్వవిద్యాలయాన్ని వామపక్ష మేధకు నెలవుగా ప్రకటించాడు.

ఈ ప్రశ్న మనకూ అవసరమే. ఆత్మకూరు అమరచింత సంస్థాన రాజధాని. తెలంగాణలో కవులున్నారని 1934లో 'గోలకొండ కవుల సంచిక' రుజువు చేసింది. ఇక తేల్చవలసింది, సంస్థానాల నీడలో వెలసిన కావ్యాల్లో వెట్టివాడు ఏ రూపంలో ఉన్నాడు, అసలున్నాడా అన్నది. భాషను ప్రేమించడమూ, అందులోని సాహిత్యాన్ని నిలదీయడమూ పరస్పర విరుద్ధాలు కావు.