తొక్కే కదా అని తీసిపారేయకండి!

బత్తాయి రసం తీశాక తొక్క ఎక్కడికి పోతుంది? చెత్తబుట్టలోకి. రొయ్యలు వలిచాక పొట్టు? అదీ అంతే. పల్లీ తొక్కలు, వరి ఊక, కొబ్బరి పీచు... మన లెక్కలో ఇవన్నీ చెత్తే. కానీ ఫ్యాక్టరీ నీళ్లలోంచి సీసం, కాడ్మియం లాంటి లోహాలను పట్టి లాగడంలో ఈ చెత్త గట్టిదని ప్రయోగశాలల్లో దశాబ్దాలుగా రుజువవుతూనే ఉంది. ఈ పద్ధతిని బయోసార్ప్షన్ అంటారు.

కుళ్లని విషం

మామూలు మురుగును సూక్ష్మజీవులు తినేస్తాయి. కొన్నాళ్లకు అది కుళ్లి మట్టిలో కలిసిపోతుంది. లోహాలు అలా కాదు. సీసం ఎన్నేళ్లైనా సీసమే! వాగులోంచి పొలానికి, పంటకి, చేపకి, చివరికి మన ఒంట్లోకి వస్తుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తే, కాడ్మియం కిడ్నీల మీద పడుతుంది. జపాన్‌లోని మినమాటాలో ఓ ఫ్యాక్టరీ సముద్రంలోకి వదిలిన పాదరసం, చేపలు తిన్నవాళ్ల నరాలను పాడుచేసింది. 1956లో ఆ జబ్బు బయటపడింది.

అంతదూరం ఎందుకు? పటాన్‌చెరు పరిశ్రమల నీళ్లు మోసిన నక్కవాగు మంజీరలోనే కలుస్తుంది. అక్కడి కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది.

తాగేనీళ్లలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదన్నది మన దేశ ప్రమాణం. అంటే ఎంత తక్కువైనా ప్రమాదమే.

సున్నం ఆగిపోయే చోట

ఫ్యాక్టరీల్లో ఎక్కువగా చేసేది ఒకటే. నీళ్లలో సున్నం కలుపుతారు. లోహం అడుక్కి దిగి బురదలా పేరుకుంటుంది. లోహం ఎక్కువగా ఉన్నప్పుడు ఇది బాగానే పనిచేస్తుంది. చివర్లో మిగిలే ఆ కాస్తే మొండిది. దాన్ని తీసే రెజిన్లు, మెంబ్రేన్‌లు ఉన్నాయి కానీ ఖర్చెక్కువ. రేకుల షెడ్డులో నికెల్ పూత పని చేసుకునే చిన్నవాళ్లకు అది మోయలేని భారం. తొక్కలు, పొట్టు అక్కరకొచ్చేది సరిగ్గా ఇక్కడే.

ఆర్టీసీ బస్సులో సీట్లు

ఇదెలా పనిచేస్తుందంటే... తొక్కను ఓ బస్సు అనుకోండి. అందులోని పెక్టిన్, సెల్యులోజ్, లిగ్నిన్‌ల మీద లోహాలు అతుక్కునే చోట్లు ఉంటాయి. అవే సీట్లు. సీసం, రాగి, కాడ్మియం వచ్చి వాటిలో కూర్చుంటాయి. నీళ్లు మరీ పుల్లగా, అంటే ఆమ్లంగా ఉంటే మాత్రం హైడ్రోజన్ అయాన్లు ముందే కండువా వేసేస్తాయి. లోహానికి సీటు దొరకదు! అందుకే ఈ లోహాలకు పీహెచ్ 4 నుంచి 6 మధ్య ఉంటే మంచిది. తోళ్ల శుద్ధిలో, మెరుగు పూతల్లో కనిపించే క్రోమియంలో విషపు రకమైన ఆరో వేలెన్సీ క్రోమియం తీరు వేరు. అది ఆమ్లపు నీళ్లలోనే బాగా పట్టుబడుతుంది. పట్టుబడటమే కాదు, తొక్క దాన్ని తక్కువ హానిచేసే రకంగా మార్చేస్తుంది కూడా.

రొయ్య పొట్టుది ఇంకో దారి. అందులోని కైటిన్‌ను క్షారంతో శుద్ధిచేస్తే కైటోసాన్ వస్తుంది. దానిలోని నైట్రోజన్ లోహాలను గట్టిగా పట్టుకుంటుంది. రొయ్యల సాగులో దేశంలోనే ముందున్న ఆంధ్రకు ఈ ముడిసరుకు కొదవేముంది?

మరి ఫ్యాక్టరీల్లో కనిపించదేం?

మంచి ప్రశ్నే. ప్రయోగశాలలో గ్లాసులో ఒకటే లోహం ఉంటుంది. నిజం మురుగులో నాలుగైదు లోహాలు, ఉప్పులు, నూనెలు కలిసి సీట్ల కోసం కొట్టుకుంటాయి. పైగా ఈ నెల తొక్క, వచ్చే నెల తొక్క ఒకేలా ఉండవు. పచ్చి తొక్క వేస్తే దాని రంగు, పులుపు నీళ్లలోకే దిగుతాయి. అందుకే ముందు కడిగి, ఎండబెట్టి, పొడిచేసి, గొట్టాల్లో నింపి వాడాలి. నాచుతో చేసిన ఇలాంటి సరుకు విదేశాల్లో మార్కెట్లోకి వచ్చినా పెద్దగా నిలదొక్కుకోలేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. సీట్లన్నీ నిండిన తొక్కను ఏం చేయాలి? విషం మాయం కాలేదు, నీళ్లలోంచి తొక్కలోకి మారిందంతే. దాన్ని పెంటకుప్ప మీద పోసినా, పొయ్యిలో పెట్టినా, గేదెకు వేసినా మొదటికే మోసం. పల్చటి ఆమ్లంతో కడిగితే లోహం దిగొస్తుంది, తొక్కను మళ్లీ కొన్నిసార్లు వాడుకోవచ్చు. దిగిన లోహాన్ని తిరిగి వాడుకోవాలి, లేదా ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి.

ఇంకో మాట. ఇది చదివి ఇంట్లో బిందెలో తొక్కలు వేసుకోకండి. ఇది ఫ్యాక్టరీ గేటు లోపల, పరీక్షలు చేసేవాళ్ల చేతుల్లో జరగాల్సిన పని. అలా జరిగితే ఖరీదైన యంత్రాలు కొనలేని చిన్న షెడ్డు కూడా తన నీళ్లను శుభ్రం చేసుకునే వీలుంటుంది. రేపు ఎవరైనా ‘తొక్కలతో నీళ్లు శుభ్రం చేస్తున్నాం’ అని చెబితే మెచ్చుకోండి. వెంటనే ఇంకో మాటా అడగండి: ‘వాడిన తొక్కలు ఎక్కడ పోస్తున్నారు?’