పింఛనుదార్ల ఊళ్ళో విశ్వవిద్యాలయం

ఒక ఊళ్ళో విశ్వవిద్యాలయం పెట్టాలా వద్దా అనే వాదం లేచిందంటే మనలో చాలామంది రచయితలకు కథ ముందే సిద్ధంగా ఉంటుంది. ముసలివాళ్ళు వద్దంటారు, కుర్రవాళ్ళు కావాలంటారు. వద్దనేవాళ్ళది పాత, కావాలనేవాళ్ళది కొత్త. చివరికి కొత్త గెలుస్తుంది. ఈ సూత్రం ఎక్కడ విరుగుతుందో చూపడానికి నేను శాంటా క్రూజ్ అనే ఊరి చరిత్రను ఎంచుకున్నాను. అది అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో, పసిఫిక్ సముద్రపు ఒడ్డున ఉంది.

1960లో ఆ ఊరి జనాభా సుమారు 25 వేలు. వేసవిలో సముద్రతీరానికి వచ్చిపోయే విహారయాత్రికులు, ఏడాది పొడుగునా పింఛను మీద బతికే వృద్ధులు - ఊరి వ్యాపారానికి వీళ్ళే ఆధారం. 1955 డిసెంబరులో శాన్ లోరెంజో నది పొంగి నడిబజారును ముంచింది. దెబ్బతిన్న వ్యాపారానికి కొత్త ఊపిరి కావాలి. సరిగ్గా ఆ కాలంలోనే, రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత పుట్టిన పిల్లలు కళాశాల వయసుకు వస్తున్నారని, విశ్వవిద్యాలయం కొత్త క్యాంపస్‌లకు స్థలాలు వెతుకుతోంది. శాన్ హోసే దగ్గరి ఆల్మడెన్ లోయతో పోటీపడి 1961లో శాంటా క్రూజ్ గెలిచింది. ఊరిపైన కొండవాలులో కవెల్ కుటుంబపు పాత పశుక్షేత్రం నుంచి దాదాపు 2,000 ఎకరాలు క్యాంపస్‌కు తీసుకున్నారు. 1965లో సుమారు 650 మంది విద్యార్థులతో తరగతులు మొదలయ్యాయి. వసతి గృహాలు పూర్తికాక తొలి ఏడు వాళ్ళు ట్రైలర్ ఇళ్ళలో కాలక్షేపం చేశారు. పథకంలో వేసుకున్న లెక్క మాత్రం 1990 నాటికి 27,500 మంది!

ఈ విశ్వవిద్యాలయాన్ని ముందుండి పిలిచిందెవరు? వర్తకులు, స్థలాల యజమానులు, ఊరి దినపత్రిక. ఇక్కడ సామాజిక శాస్త్రవేత్త హార్వే మొలోచ్ 1976లో చేసిన ఒక సూత్రీకరణ మనకు పనికొస్తుంది. ఆయన నగరాన్ని ‘ఎదుగుదల యంత్రం’ అన్నాడు. ఫ్యాక్టరీ యజమాని సరుకు అమ్మి లాభం తీస్తాడు. స్థలం యజమానికి ఆ శ్రమ కూడా అక్కర్లేదు; చుట్టూ జనం పెరిగితే చాలు, అతని స్థలానికి ధర, ఇంటికి అద్దె వాటంతటవే పెరుగుతాయి. అందుకే మిగతా విషయాల్లో కొట్టుకునే ఊరిపెద్దలు ఎదుగుదల అనేసరికి ఒక్కటవుతారు. వాళ్ళ దృష్టిలో విశ్వవిద్యాలయం పొగరాని ఫ్యాక్టరీ. ఆ క్యాంపస్‌లోనే 1965 నుంచి పాఠం చెప్పిన విలియం డామ్‌హాఫ్, రిచర్డ్ జెండ్రన్‌తో కలిసి 2009లో ‘ది లెఫ్ట్‌మోస్ట్ సిటీ’ అన్న గ్రంథంలో ఈ ఊరి రాజకీయాలను ఈ కోణం నుంచే పరిశీలించాడు.

మరి వృద్ధుల సంగతేమిటి? వృద్ధాప్యం ఒక వర్గం కాదన్నది మనం మరచిపోయే మొదటి విషయం. సొంత ఇల్లున్న వృద్ధుడు వేరు, అద్దె గదిలో ఉండే వృద్ధుడు వేరు. పింఛను పెరగదు, ఇంటి పన్ను మాత్రం ఇంటి ధరతోపాటు పెరుగుతుంది. ఇల్లు అమ్ముకుని పోయేవాడికి పెరిగిన ధర సంపద. ఆ ఇంట్లోనే కన్ను మూయాలనుకునేవాడికి అది భారం. పైగా క్యాంపస్ ప్రభుత్వ ఆస్తి గనుక దానికి ఆస్తిపన్ను లేదు. 1978లో పదమూడవ ప్రతిపాదన అనే ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా కాలిఫోర్నియా ఓటర్లు, ఇల్లు చేతులు మారేదాకా పన్ను లెక్కకట్టే విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగరాదని కట్టడి చేశారు. దాంతో సొంత ఇంటివాడికి ధర పెరగడం భయం పోయి ధీమా అయింది. అద్దె గది వృద్ధుడికి అటువంటి రక్షణ ఏదీ దొరకలేదు.

ఈలోగా మరో వైరుధ్యం తల ఎత్తింది. 1971లో అమెరికాలో ఓటు వయసు 18కి తగ్గింది. తాము చదువుకునే ఊళ్ళోనే విద్యార్థులు ఓటు నమోదు చేసుకోవచ్చునని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు అదే ఏడు తీర్పు చెప్పింది. ఇక ఎన్నికల లెక్క మారిపోయింది. లైట్‌హౌస్ ఫీల్డ్ అనే సముద్రపు గట్టున పెద్ద సమావేశ మందిరం, హోటలు కట్టాలన్న పథకాన్ని ఇరుగుపొరుగు సంఘాలు, పర్యావరణవాదులు, విద్యార్థులు కలిసి 1970లలో వమ్ము చేశారు. 1978లో కౌంటీ ఓటర్లు జనాభా పెరుగుదలకు హద్దు గీశారు. 1981లో సోషలిస్టులు, స్త్రీవాదులు, పర్యావరణవాదులు కలిసిన కూటమికి నగర మండలిలో ఆధిక్యం వచ్చింది. ఎదుగుదల కోసం క్యాంపస్‌ను పిలిచిన పెద్దలు, ఎదుగుదలను అడ్డుకునే ఓటర్లను తామే ఊళ్ళోకి తెచ్చుకున్నారన్నమాట!

మన కథకులు చాలామంది ఇక్కడ కలం మూసేస్తారు. చరిత్ర మాత్రం ఇక్కడ ఆగలేదు. ఊరు పెరగకుండా ఆపగలిగారు గాని, అద్దెలను ఆపలేకపోయారు. 2018 జూన్‌లో విద్యార్థుల సంఖ్య 19,500 దాటరాదని నగర ఓటర్లలో దాదాపు ముప్పాతికమంది చెప్పారు. ఆ మాటలో న్యాయం ఉంది: ఆ ఊరికి బయటినుంచి నీళ్ళు రావు, నది, కొండవాగులు, వాననీటి జలాశయమే దిక్కు. అయితే ఆ ముప్పాతికలో ఇంటి ధర పెరుగుతున్న యజమాని కూడా ఉన్నాడు. 2019 డిసెంబరులో, క్యాంపస్‌లో పాఠాలు చెప్పే పరిశోధక విద్యార్థులు అద్దె కట్టలేకపోతున్నామని, నెలకు 1,412 డాలర్లు అదనంగా ఇవ్వాలని మార్కులు ఇవ్వకుండా సమ్మెకు దిగారు. 2020 ఫిబ్రవరి చివర యాభైమందికి పైగా కొలువులు ఊడాయి. తర్వాత చాలామందిని తిరిగి తీసుకున్నారు. 2021లో పాలక మండలి 2040 నాటికి 28,000 మంది విద్యార్థుల పథకాన్ని ఆమోదించింది. అంటే 1960ల నాటి లెక్కే మళ్ళీ వచ్చి కూర్చుంది.

కనుక ఇటువంటి వస్తువు తీసుకునే రచయిత సభలో వినబడే మాటలనే నమ్ముకోకూడదని నా అభిప్రాయం. ఒకరు ‘ప్రశాంతత’ అంటారు, మరొకరు ‘విజ్ఞానం’ అంటారు. రెండూ మంచి మాటలే. ఆ మాట అన్నవాడు సొంత ఇంట్లో ఉన్నాడా, అద్దె ఇంట్లోనా? వాదంలో ఓడితే ఊరు విడవాల్సి వచ్చేదెవరికి? అసలు సభకే రాని వాళ్ళెవరు? తరగతి గదులు ఊడ్చేవాళ్ళు, హోటళ్ళలో వండేవాళ్ళు, అదే కౌంటీలో వాట్సన్‌విల్ చుట్టుపట్ల స్ట్రాబెర్రీ తోటల్లో కూలిచేసే మెక్సికన్ వలస కుటుంబాలు - వీళ్ళూ అద్దెలకు తలవంచి బతకవలసినవాళ్ళే. పాత్రలను వయసునుబట్టి కాక ఈ ప్రశ్నలనుబట్టి మలిస్తే, ముసలాయన ‘వద్దు’ అన్నప్పుడు అందులో భయమెంతో, లాభమెంతో పాఠకుడే పోల్చుకుంటాడు. రచయిత వేదికెక్కి తీర్పు చెప్పనక్కర్లేదు.