నిప్పులేని వంటశాల

పొయ్యిలో నిప్పు లేనిదే అన్నము ఉడుకదని మన స్త్రీలకు ఒకరు చెప్పనక్కరలేదు. పుష్యమాఘముల చలిలో పాలు తొందరగా తోడుకొనవు, పిండి త్వరగా పులియదు. వేసవిలో ఒక్కపూటకే చెడు కూర చలిపెట్టెలో రెండుమూడు దినములు నిలుచును. వేడి హెచ్చిన కొలది పదార్థములలోని మార్పు వేగమగును, చలి హెచ్చిన కొలది మందగించును. రసాయన శాస్త్ర గ్రంథములలో చిరకాలముగా నున్న సూత్రమును ఇదియే. అయితే ఈ సూత్రమునకు లొంగని వంటశాల యొకటి మన తలలపైననే కలదు. దానిని గూర్చి సోదరీమణులకు నాలుగుమాటలు చెప్పదలచితిమి.

నక్షత్రమునకును నక్షత్రమునకును నడుమనున్న చోటు వట్టి శూన్యము కాదు. అచ్చట పలుచని వాయువును, పొగవంటి సన్నని ధూళియు మేఘములుగా కూడియున్నవి. వెన్నెలలేని రాత్రి పాలపుంత నడుమ కనబడు నల్లని పట్టెలు ఇట్టి మేఘములే. వానిలోని చీకటి తావులందు చలి, సెంటిగ్రేడు మానమున, సున్నకు దిగువ సుమారు 263 డిగ్రీలు. మరి పది డిగ్రీలు దిగినచో చలికే కడపటి మేర వచ్చును. మనము పీల్చు గాలిలో ఒక ఘన సెంటీమీటరున అణువులు కోట్లకు కోట్లుండగా, ఆ మేఘములందు అంతచోట సుమారు పదివేలుండును. ఇంత చలిలో, ఇంత ఎడములో అణువులు కూడి క్రొత్త పదార్థములు పుట్టునని ఎవరు తలంతురు?

పుట్టుచున్నవనుటకు ఆకాశమే సాక్షి. ప్రతి అణువునకును దానికే చెందిన కాంతి గుర్తులు, రేడియో తరంగములు కలవు. వానిని బట్టి అది యేదియో దూరమునుండియే తెలిసికొనవచ్చును. 1937 మొదలు 1941 వరకు మూడు చిన్న అణువులు మాత్రమే బయటపడెను. 1968లో అమ్మోనియా కనబడెను; నవాసాగరమును సున్నముతో నలిపినపుడు ముక్కున కెక్కు ఘాటు వాయువు అదియే. 1969లో నీటియావిరియు, 1970లో కార్బన్ మోనాక్సైడును తెలియవచ్చెను. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పుట్టించు విషవాయువు ఇదియే. 1975లో సారాయిలోని ఆల్కహాలే కనబడెను. నేటికి ఇట్టివి 300కు పైగా లెక్కకు వచ్చినవి.

రెండు అణువులు కూడి మార్పు చెందుటకు సాధారణముగా నడుమ ఒక గట్టు దాటవలసియుండును. ఆ గట్టు నెక్కించు బలము వేడి. విద్యుదావేశము గల అణువులలో పెక్కింటికి ఆ గట్టు లేదు. అవి చలిలోను గాఢముగా ఆకర్షించుకొనును. 1973లో అమెరికాలో హెర్బ్‌స్టు, క్లెంపరరు అను పండితులు మేఘములందలి రసాయనమును చాలవరకు వీనితోనే వివరించిరి. ఆవేశములేని అణువులు అంత చలిలో నిష్ప్రయోజనములని పలువురు తలంచిరి. కాని తలంచుట వేరు, చేసి చూచుట వేరు.

చేసి చూచుటయందొక చిక్కు కలదు. మంచుగడ్డ వేసిన గ్లాసునకు వెలుపల నీరు పట్టుట మన మెరిగినదే. అట్లే వాయువును చల్లని పాత్రలో నుంచినచో అది గోడలకంటి గడ్డకట్టును. పరీక్షింప వాయువే మిగులదు. గోడలులేని పాత్ర యెట్లు దొరకును? ఫ్రాన్సు దేశమున బెర్ట్రాండ్ రోవ్ పండితుడును తోడివారును 1984లో ప్రకటించిన పద్ధతి ఈ చిక్కును విడదీసెను. దానికి క్రెసు అని పేరు. నడుమ సన్నని కంఠమును, క్రమముగా వెడల్పగు నోరును గల గొట్టముగుండా వాయువును గాలితీసిన పెద్ద గదిలోనికి వదలుదురు. సైకిలు చక్రమునుండి వెలువడు గాలి చల్లగా తగులునట్లే, వ్యాపించుచు పరుగెత్తు ఆ వాయువు అతిశీతలమగును. అది గోడలను తాకక ధారగా సాగును. ఆ ధారలో ఒక లేసరు కిరణముచే అణువులను విరిచి, వేరొక కిరణముచే ఆ తునుకల గతిని కనిపెట్టుదురు. ఇదంతయు సెకనులో వెయ్యవ వంతులోపలనే ముగియును.

1990 తరువాతి యేండ్లలో ఇంగ్లండునందలి బర్మింగ్‌హాము పండితులు ఇయాన్ స్మిత్, ఇయాన్ సిమ్స్ అనువారు రోవ్ గారితో చేరి, కర్బనమును నత్రజనియు జతపడిన సయనో తునుకను ప్రాణవాయువుతో కలిపి చూచిరి. సున్నకు దిగువ 260 డిగ్రీల చలిలో సంయోగము మందగింపలేదు సరికదా, మునుపటికంటె వేగమయ్యెను! పరుగున పోవు ఇద్దరు పలుకరించుకొనకయే సాగిపోవుదురు. మెల్లగా నడచు ఇద్దరు నిలిచి మాటలాడుదురు. గట్టు లేనిచోట అణువుల తీరును అట్టిదే.

గట్టు ఉన్నచోటనో? 2013లో ఇంగ్లండునందే లీడ్సు విశ్వవిద్యాలయమువారు మెథనాలు అను ఆల్కహాలును హైడ్రాక్సిల్ తునుకతో కలిపి పరీక్షించిరి. సున్నకు దిగువ 210 డిగ్రీలయొద్ద సంయోగము గదిలోని వేడియందుకంటె సుమారు 50 రెట్లు వేగముగా నుండెను. చలిలో ఆ రెండును విడిపోక చాలసేపు అంటియుండును. ఆ వ్యవధిలో తేలికయగు ఉదజని పరమాణువు గట్టు నెక్కకయే, సొరంగము దూరినట్లు, ఆవలికి జారును. మన వాడుక లోకమున లేని ఈ వింత పరమాణు లోకమున సహజము.

మేఘములందలి ధూళిరేణువులు మరియొక వంటపాత్ర. వానిపై పేరిన మంచునే ప్రయోగశాలలో పేర్చి చూచుచున్నారు. జపానునందలి హొక్కైడో విశ్వవిద్యాలయమువారు 2002లో గడ్డకట్టిన కార్బన్ మోనాక్సైడుపై ఉదజని పరమాణువులను వదలి, కొలిమి యక్కరలేకయే మెథనాలును పుట్టించిరి. 2008లో అచ్చటివారును, హాలండునందు లైడెన్ నగరమువారును, గడ్డకట్టిన ప్రాణవాయువునుండి అట్లే నీటిని చేసిరి. ఆ లైడెన్ నగరమునందే నక్షత్రాంతర రసాయనమునకు జీవితమును ధారవోసిన ఎవిన్ వాన్ డిషోక్ అను విదుషికి 2018లో కావ్లి బహుమానము లభించినది. మన దేశమునందును అహమ్మదాబాదునందలి భౌతిక పరిశోధనాలయమున ఇట్టి మంచు పరీక్షలు జరుగుచున్నవి.

ఒక హెచ్చరిక చేయుట అవసరము. మేఘమున లక్షలయేండ్లు పట్టు పనిని ప్రయోగశాలలో ఒక పూటలో చూడవలెను. అందులకై పరమాణువులను అచ్చటికంటె ఎన్నోరెట్లు దట్టముగా కురిపింతురు. కావున ఇచ్చట జరిగినదెల్ల అచ్చట అంతే జరుగునని పండితులు తొందరపడి చెప్పరు. కొలిచిన వేగములను లెక్కలలో చేర్చి, ఆ లెక్కను ఆకాశముతో సరిచూచిన పిమ్మటనే నమ్ముదురు.

ఇంత శ్రమ యెందులకని అడుగువారు కలరు. అతిశీతలమున పుట్టిన నీటిలో బరువైన ఉదజని పాలు హెచ్చుగా నుండును. మన సముద్రజలమునందు ఆ గుర్తు కలదు. ఇల్సెడోర్ క్లీవ్స్ అను అమెరికా విదుషి తోడివారితో గూడి 2014లో లెక్కవేసి, సూర్యుని చుట్టునున్న తొలినాటి వాయుచక్రమునందే ఈ గుర్తు ఇంతగా కలుగజాలదనియు, కాన సౌరకుటుంబపు నీటిలో చెప్పుకొనదగినంత భాగము సూర్యునికంటె ముందే పుట్టినదనియు చూపెను. ఆ లెక్క నిజమైనచో, మనము నేడు బిడ్డకు త్రాగించు గ్రుక్కెడు నీటిలో కొంత, సూర్యుడు పుట్టకమున్నే, చీకటిలో, నిప్పులేకయే సిద్ధమై యుండెనన్నమాట. సోదరీమణులు ఈ సంగతిని తమ పిల్లలకును చెప్పుదురుగాక.